కోపం రాని నాయకుడు

మా బాబాయి దేశం దాటి, హౌగాంగ్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చి ఏడాది కావస్తోంది. కోస్తాలో ఒక చిన్న దినపత్రికకు చాలాకాలం కార్టూన్లు గీసి, నడివయసులోనే మానేశాడు. ఎందుకు మానేశాడో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నేనుండేది ఆ పక్కనే సెంగ్‌కాంగ్‌లో, ఉద్యోగం బ్యాంకులో. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ రాజకీయ కార్టూన్లు ఇక్కడి మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారని తెలిసి, ఒక శనివారం ఆయన్ని తీసుకెళ్లాను. హాల్లో అడుగుపెట్టాక నన్ను మరిచిపోయాడు. అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి గీతలు చూస్తుంటే, కాస్త వెనక్కి జరగమని అక్కడి ఉద్యోగి ఒకామె మర్యాదగా చెప్పాల్సి వచ్చింది.

ఎక్కువసేపు ఆగింది ఒక ఫ్రెంచి బొమ్మ దగ్గర. అందులో వరుసగా నాలుగు ముఖాలు, మొదటిది బుగ్గలు జారిన రాజుగారిది. అదే ముఖం మెల్లగా మారుతూ మారుతూ చివరికి అచ్చం బేరిపండయింది. పక్కనున్న వివరం చదివి తెలుగులో చెప్పాను. ఆ పండును జనం గోడల మీద కూడా గీశారట. రాజును ఎగతాళి చేసినందుకు చిత్రకారులు జైలుకు వెళ్లారట.

"అదృష్టవంతులు," అన్నాడు బాబాయి.

"జైలుకెళ్లడం అదృష్టమేంటి బాబాయ్?"

"రాజుకి కోపం వచ్చింది కదమ్మా."

బయటికొచ్చి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కూర్చున్నాక, నేను అడక్కుండానే మొదలుపెట్టాడు. వాళ్ల ఊళ్లో ఒక నాయకుడు ఇంటింటికీ కుళాయి ఇప్పిస్తానని గెలిచి, ఆ మాటే ఎత్తడం మానేశాడట. బాబాయి ఆయన పొడుగు ముక్కును ఎండిన కుళాయిగా గీసి, దాని కింద బిందెలతో ఆడవాళ్లను వరుసగా నిలబెట్టాడు. ఊరంతా నవ్వింది. మర్నాడు నాయకుడి కారు పత్రికాఫీసు ముందు ఆగింది. తిట్లు తప్పవనుకున్నాడు బాబాయి. ఆ పెద్దమనిషి మాత్రం నవ్వుతూ వచ్చి భుజం తట్టి, ఒరిజినల్ ఇమ్మని అడిగి తీసుకెళ్లాడు. దానికి పటం కట్టించి హాల్లో పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడట. కుళాయిలు మాత్రం రాలేదు.

"తిట్టుంటే ఇంకోటి గీసేవాణ్ణి. ఆ తర్వాత కలం పట్టుకుంటే చాలు, ఇది ఆయనకి నచ్చుద్దా అన్న ఆలోచనే ముందొచ్చేది. అందుకే మానేశా," అన్నాడు.

నాకు మా ఆఫీసులో పై అధికారి మీద మేం వేసే జోకులు గుర్తొచ్చాయి. అందరికంటే గట్టిగా నవ్వేది ఆయనే. ఆయన మంచితనం గురించి చెప్పుకుంటూ మేం మళ్లీ పనిలో పడిపోతాం. ఆ నవ్వు గురించి అంతవరకూ ఇలా ఆలోచించలేదు.

కాసేపటికి బాబాయి నా బ్యాగులోంచి పెన్ను తీసుకుని, ప్రదర్శనలో ఇచ్చిన కరపత్రం వెనక్కి తిప్పి బొమ్మ గీశాడు. నాయకుడు గోడమీది తన కార్టూన్ చూపిస్తూ, అతిథులతో కలిసి పగలబడి నవ్వుతున్నాడు. వెనక కిటికీ. కిటికీ అవతల అదే ఆడవాళ్లు, అవే బిందెలు, కాకపోతే వాళ్ల జుట్టు నెరిసింది.

"ఇదీ అప్పుడు గీయాల్సింది. తట్టలేదు," అన్నాడు.

చాలా బాగుందన్నాను. వినిపించుకోలేదు. ముక్కు సరిగ్గా కుదరలేదని గొణుక్కుంటూ, ఇంకో కాగితం ఉందా అని అడిగాడు.