దేముడమ్మ ఖాళీగా వదిలిన గడి

“సముద్రం మీదున్నోడి పేరు పక్కన ‘రాలేదు’ అని రాయమంటావేటి బావా? నోరెలాగొచ్చింది నీకు?”

“ఒసే, అది కంప్యూటరు కోసమే! అన్ని పల్లెలోళ్లూ రాస్తన్నారు. నీకొక్కదానికే ఏటే నొప్పి?”

“కంప్యూటరుకి మొగుడు లేడు, నాకున్నాడు. వచ్చినోడికి ‘వచ్చాడు’ అని రాస్తాను. అందాకా ఆ గడి ఖాళీగానే ఉంటాది. ఎల్లి సెప్పుకో.”

భోగాపురం దాటాక ఒడ్డు మీది పల్లె అది. ఐసు పెట్టెల వెనక స్కూటరు ఆపి దేవేంద్ర ఈ గొడవంతా విన్నాడు. అరిచినాయన మత్స్యకారుల సంఘం కార్యదర్శి కూర్మయ్య. ఎదురు అరిచింది దేముడమ్మ. కూర్మయ్య విసుక్కుంటూ బండెక్కి వెళ్లిపోయాడు. ఎంతైనా కార్యదర్శి మాటే చెల్లుతుందిలే అనుకున్నాడు దేవేంద్ర. దేముడమ్మ సంగతి అతనికి తెలీదు మరి.

ఆమె చదివింది ఐదో తరగతి. పదిహేనేళ్లు చేపల గంపతో విజయనగరం బస్సెక్కింది. చేపల కంపు అని విసుక్కున్న కండక్టరుని, “నిన్న రాత్రి నీ కంచంలో ఏటున్నాది?” అని అందరి ముందూ అడిగిన మనిషి. హుద్‌హుద్ తుఫానప్పుడు మీవాళ్లు ఎంతమంది సముద్రంలో ఉన్నారని అధికారులు అడిగితే ఆ పల్లె పెద్దలు తలో మాటా చెప్పారు. గాలి తగ్గాక దేముడమ్మ చేసిన మొదటి పని నోటుపుస్తకం కొనడం. ఏ పడవ వెళ్లింది, ఏది వచ్చింది, రోజూ రాసేది. ఫోన్లో నెట్టు చవకయ్యాక అదే గూగుల్ షీటులోకి మార్చింది. ఒంటివేలితో కొడుతుంది. మోటారు చప్పుడు చెవిన పడితే చాలు, వస్తున్నది ఎవరి పడవో తల ఎత్తకుండా చెప్పేస్తుంది.

దేవేంద్ర ఇంజినీరింగు మూడో ఏడులో వదిలేసి, విజయనగరంలో సంఘం ఆఫీసు కంప్యూటరు చూసుకుంటున్నాడు. పడవల యజమానులు, పడవల్లో పనిచేసే కళాసీలు, వాళ్ల ఫోను నంబర్లు ఆఫీసు డేటాబేస్‌లో ఉన్నాయి. ఎవరు వెళ్లారో ఎవరొచ్చారో మాత్రం పల్లెల షీట్లలో ఉంది. అంతకుముందు శనివారం శనివారం షీట్లు దించి డేటాబేస్‌లోకి ఎక్కించేవారు. సోమవారానికి అది ఎండుచేప. దేవేంద్ర ఆ పద్ధతి పీకేశాడు. డేటాబేస్‌లో ఒక ఉత్త టేబుల్ పెట్టాడు. దానిలో సొంత సరుకేమీ ఉండదు. అడిగినప్పుడల్లా వెళ్లి షీటులో ఆ క్షణం ఉన్నది చూసి చెబుతుంది. పక్కింటి బావిలో మన చేద వేసి తోడుకున్నట్టు. బాగా కుదిరింది. అతనికీ తెలుసు బాగా కుదిరిందని.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వాయుగుండం కబురొచ్చింది. చీకటి పడేలోగా పడవలన్నీ ఒడ్డెక్కాలి. ‘రాలేదు’ అని ఉన్నవాళ్ల పేర్లూ నంబర్లూ ఇవ్వమని దేవేంద్ర డేటాబేస్‌ని అడిగాడు. మిగతా పల్లెలవి ఇంకా రాని పడవలు పందొమ్మిదని చూపించింది. దేముడమ్మ పల్లెకి సున్నా. వెంటనే ఫోను కొట్టాడు.

“పిన్నీ, మీవాళ్లంతా వచ్చేశారు. నువ్వింక ఇంటికెళ్లిపో.”

“ఎవులు సెప్పారు?”

“డేటాబేస్.”

“దానికి కళ్లున్నాయేటి? పొద్దున్న పద్నాలుగెల్లాయి, ఎనిమిదొచ్చాయి. మా ఆయన అప్పలసూరి సముద్రం మీదే ఉన్నాడు. నా షీటు సూడరా ముందు!”

చూశాడు. ఆరు గళ్లు ఖాళీ. ఐసు పెట్టెల వెనక విన్న గొడవ అప్పుడు గుర్తొచ్చింది. డేటాబేస్‌కి ఖాళీ అంటే ‘వచ్చాడు’ కాదు, ‘రాలేదు’ కూడా కాదు. తెలీదని అర్థం. ‘రాలేదు’ అన్నవాళ్లని అడిగితే తెలీనివాళ్లని చెప్పదు. కాలేజీలో ఈ పాఠం చెప్పిన రోజు అతను క్లాసులోనే ఉన్నాడు.

గడి ఖాళీగా ఉన్నవాళ్లని కూడా కలిపి మళ్లీ అడిగాడు. రెండు సెకన్లు పట్టలేదు. ఆరు పడవలు, ఒక్కో పడవలో కళాసీలందరి నంబర్లు. ఆమెకి పంపేసి స్కూటరెక్కాడు.

అప్పలసూరి ఫోను ఇంట్లోనే ఛార్జింగుకి పెట్టుంది. అతని కళాసీల్లో ముగ్గురివి పలకలేదు. నాలుగోది చినబాబుది, మోగింది. దేముడమ్మ బాగున్నారా అని కూడా అడగలేదు. “పడవ తిప్పండి” అంది, పెట్టేసి తర్వాతి పడవ నంబరు కొట్టింది.

దేవేంద్ర ఒడ్డు చేరేసరికి ఆ ఆరింటిలో ఐదు పడవలు ఇసక మీదున్నాయి, అప్పలసూరిది ఒక్కటే రావాలి. గాలి ఈల వేస్తోంది. కూర్మయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు.

“నే సెప్పనేదేటే? ‘రాలేదు’ అని రాసుంటే ఈ తిప్పలుండేవా?”

“బావా, ఆయనొచ్చాక తిట్టుకుందాం. ఇప్పుడు నోరు ముయ్యి.”

ఆమె తల వంచుకుని వింటోంది. దేవేంద్రకి అలల హోరు తప్ప ఏమీ వినపడలేదు. “వస్తన్నాడు” అంది. ఇంకాసేపటికి గానీ పడవ కంటికి ఆనలేదు. అప్పలసూరి ఇసక మీద కాలు పెట్టాకే ఫోను తీసి, ఒంటివేలితో ‘వచ్చాడు’ అని కొట్టింది.

“తప్పయిపోయింది పిన్నీ,” అన్నాడు దేవేంద్ర. “మెషిను...”

“మెషిన్నేటంటావురా? నువ్వడిగినదానికి అది సెప్పింది. అడగడం నీకు రానేదు.” ఫోను కొంగుకి తుడిచి బొడ్డులో దోపుకుంది. “రేపు ఆ కంప్యూటరు ఇక్కడికి అట్టుకురా. ఎలాగడగాలో నాకు నేర్పు బాబూ. మావోళ్ల కోసం ఇంక నేనే అడుగుతాను.”