జగ్గమ్మ మడత

జగ్గమ్మకు అరవై రెండేళ్లు. విజయనగరంలో నరసింగరావు ప్రెస్సులో ముప్పై ఏళ్లుగా కాగితం మడుస్తోంది. అచ్చయిన పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఆమె మడతను వెదురు బద్దతో ఒక్కసారే నొక్కుతుంది. అంచుకి అంచు కలుస్తుంది.

వెయ్యి ఫారాలకు నూటయాభై రూపాయలు. ఎవరి దొంతర మీద వాళ్ల పేరు చీటీ ఉంటుంది. జగ్గమ్మ రోజుకు పదిహేను వందల ఫారాలు మడుస్తుంది. పక్కన కూర్చునే దుర్గ రెండువేల ఎనిమిది వందలు దాటిస్తుంది. జగ్గమ్మ నెమ్మదివల్ల ఎవరికీ నష్టం లేదు, ఆమెకు తప్ప.

ఈ ఏడాది భోగాపురం విమానాశ్రయం పనులకు కూలీలను ఎక్కించుకునే వ్యాను వీధి చివరకు రావడం మొదలైంది. రోజుకు ఐదువందలు. ప్రెస్సులో ఇద్దరు ఆ వ్యాను ఎక్కారు. మిగిలింది జగ్గమ్మ, దుర్గ, యమున, బేబీ, నలుగురే. కాగితం రాని రోజు వట్టి చేతులతో ఇంటికి పోలేమని, తమకూ రోజుకూలి కావాలని దుర్గ అడిగింది.

శనివారం నరసింగరావు వచ్చి చెప్పాడు.

"సోమవారం నుంచి రోజుకి నాలుగువందల యాభై. కాగితం రాకపోయినా ఇస్తాను. వచ్చిన రోజు మాత్రం మనిషికి రెండున్నర వేల ఫారాలు పడాలి."

దుర్గ, యమున, బేబీ ముఖాలు చూసుకుని నవ్వారు. నరసింగరావు జగ్గమ్మ వైపు చూడకుండానే అన్నాడు.

"జగ్గమ్మా, అలాగైతే నీ మడత నాకు వెయ్యికి మూడొందలు పడతాది. ఏటి సెయ్యమంటావో నువ్వే సెప్పు."

"నాకు పాత రేటే ఉంచు బాబూ."

"ఏటుంచీది?" దుర్గ లేచింది. "ఈవిడకి పాత రేటిస్తే రేపు మాకూ అదే అంటావు. అత్తా, నువ్వు నోరు ముయ్యి."

"ముయ్యడానికేటి, ఇంటికి పోవాలంతే."

"ఎక్కడికీ పోవు."

ఆదివారం జగ్గమ్మ సందు చివరి టిఫిను కొట్లో గిన్నెలు కడిగే పని అడిగింది. నిలబడి కడగాలన్నారు. ఆమె మోకాళ్లు అంతసేపు నిలబడవు.

సోమవారం దుర్గ చీటీలన్నీ చింపేసింది. నాలుగు చాపలూ ఒకచోటికి లాగింది. ముగ్గురూ మడిచినవి ఒకే దొంతరలో పెట్టారు. జగ్గమ్మ తనవి మోకాలి పక్కనే ఉంచుకుంది.

"ఇటియ్యి అత్తా."

"మీవాటిల్లో కలపను. మీ అంచులు ఏ దిక్కు సూస్తన్నాయో మీకే తెలీదు."

"మహారాణి మడత మరి," అంది యమున.

మధ్యాహ్నానికి రెండు దొంతరలూ పక్కపక్కన ఉన్నాయి. తనది వాళ్లదాంట్లో పావు వంతైనా లేదని జగ్గమ్మ చూసింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి వాళ్లదాని మీద పెట్టింది. మిగతా ముగ్గురూ ఆ రోజు పది నిమిషాల్లో తిని మళ్లీ మడతకు కూర్చున్నారు.

సాయంత్రం నరసింగరావు వచ్చాడు.

"చీటీలేవి?"

"రోజుకూలికి సీటీ ఏటి బాబూ?" అంది దుర్గ. "నలుగురికీ కలిపి పదివేల ఫారాలు. లెక్కెట్టుకో."

వంద ఫారాలకొక కట్ట. కట్టలు నూరు ఉన్నాయి. ఏ మడత ఎవరిదో అతనికి తెలుసు. జగ్గమ్మవి విడదీసి లెక్కపెట్టొచ్చు. ఒక కట్ట చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ అక్కడే పెట్టాడు.

"రేపు తొమ్మిదికల్లా రండి. నలుగురూ," అని వెళ్లిపోయాడు.

దుర్గ వేళ్లు చాపబోయింది. అవి బిగుసుకుపోయి చాపడానికి రాలేదు. జగ్గమ్మ ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ మెల్లగా లాగింది.

"రోజూ ఇలాగ సెయ్యగలవేటే?"

"నువ్వు రెండువేల ఫారాలకి రా అత్తా. అప్పుడు సూద్దాం."