అమావాస్యనాటి అద్దం పడవ

మా మావగారి మగ్గం అమావాస్యనాడు తప్ప ఆగదు. మంగళగిరిలో నేతపనివాళ్లందరికీ అదే సెలవు. కాని తక్కినవాళ్లు పెళ్లికో పేరంటానికో ఓ పూట ఆపుతారు. ఈయన మా పెళ్లి మర్నాడు, ఇంకా పందిరైనా విప్పకముందే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. అప్పగింతల ఏడుపుల మధ్య మగ్గం చప్పుడు వినబడ్డ పెళ్లి మాదొక్కటే అయివుంటుంది.

అలాంటి మనిషి ఈ మాఘమాసంలో, "వచ్చే అమావాస్యకి బందరు పోయి ఓడ చూసొద్దాం" అని కబురు పంపేసరికి మా ఆవిడ రాజ్యం, నేను మొహమొహాలు చూసుకున్నాం. వాళ్ల తాతల కాలంలో మన బట్టలు బందరు రేవులో ఓడలెక్కి దేశాలు దాటి పోయేవట. ఆ మాట చిన్నప్పట్నించీ వింటూ వచ్చారు గాని ఓడ ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. మా అత్తగారైతే సముద్రాన్నే చూడలేదు.

నేను బెజవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తాను. మాఘమాసమంటే పెళ్లిళ్ల బేరాలు. సెలవడిగితే మా యజమాని మొహం మాడ్చుకున్నాడు. "అమావాస్యనాడు పెళ్లి బట్టలు కొనేవాడెవడండీ?" అన్నాను. చీరలు అమ్మి అమ్మి నాకు ఆమాత్రం మాటకారితనం అబ్బింది. సరే పొమ్మన్నాడు.

ముందురోజు సాయంత్రమే అత్తగారు, మావగారు భవానీపురంలో మా ఇంటికి వచ్చి పడుకున్నారు. తెల్లవారుజామున రెండు రిక్షాలు మాట్లాడుకుని స్టేషనుకి బయల్దేరాం. ఈమధ్య రైళ్లు టైముకి కదులుతున్నాయని అందరూ చెబుతూనే ఉన్నారు, నేనే చెవిని పెట్టలేదు. పాత అలవాటుకొద్దీ నింపాదిగా కాఫీ తాగుతూంటే బందరు పాసింజరు కూత వేసింది. పులిహోర గిన్నె ఒకరు, నీళ్ల మరచెంబు ఒకరు పట్టుకుని పరుగెత్తాం. మీరు వెళ్లేటట్టయితే కాఫీ ఇంట్లోనే తాగి వెళ్లండి.

ఇక్కడ మా అత్తగారి సంగతి కాస్త చెప్పాలి. ఆవిడ అల్లుడినైన నాతో నేరుగా మాట్లాడరు. ఆరేళ్లుగా ఏం చెప్పాలన్నా, నేను ఎదురుగానే ఉన్నా సరే, కూతురితో చెబుతారు. "మీ ఆయన్ని ఇంకో రెండు ఇడ్లీలు వేసుకోమనవే" అంటారు. నేను "చాలు" అని రాజ్యానికే చెబుతాను. రాజ్యం మా ఇద్దరి మధ్య టెలిఫోను తీగలా బతుకుతోంది.

కిటికీ పక్క చోటు అత్తగారికిచ్చాం. కోతలైపోయిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. ఇంజను బొగ్గునలుసు కంట్లో పడుతున్నా ఆవిడ తల లోపలికి తిప్పలేదు. ఉప్పులూరులో ఒక నర్సమ్మ ఎక్కింది. ఒళ్లో చర్చి పాటల పుస్తకం, భుజాన సంచీ. ఊరు బందరేనట. మేం ఎక్కడికని అడిగింది, చెప్పాం.

"ఓడ చూడ్డానికా? ఆడెక్కడో సముద్రం మధ్యలో ఆగుద్దండి. తెరచాప పడవేసుకుని పోవాలి, పోయి రావడానికే పూటంతా పడుద్ది" అంది. "దానికన్నా మంగినపూడిలో అద్దం పడవ పెట్టారుగా, అదెక్కండి. అడుగున అద్దం బిగించారు. నీళ్లలోపలికి చూడొచ్చు. మా చర్చి పిల్లల్ని తీసుకెళ్తే, పీతలు నడవడం చూశామని వారం రోజులు ఒకటే గోల."

మా అత్తగారు అప్పుడు ఇటు తిరిగారు. "ఏమేవ్ రాజ్యం, నీళ్లకింద ఇంకా ఏముంటయ్యో అడుగు" అన్నారు. నర్సమ్మ నవ్వి, చేపలుంటాయనీ, గవ్వల పురుగులుంటాయనీ, నాచు ఊగుతూంటుందనీ చెప్పుకొచ్చింది. ఆవిడ చెబుతున్నంతసేపూ మా అత్తగారి కళ్లు చంటిపిల్ల కళ్లలా ఉన్నాయి. అప్పుడే నాకర్థమైంది, ఓడ సంగతి గోవిందా అని.

తగవు గుడివాడలో మొదలైంది. అక్కడ బండి కాసేపు ఆగుతుంది, ఇడ్లీలు బాగుంటాయి, పచ్చడి మాత్రం కారం. "ఓడ చూద్దామని బయల్దేరి పీతల్ని చూసి రావడమేంటి? మన మురిక్కాలవలో లేవా పీతలు?" అన్నారు మావగారు. రెండూ చూడటానికి వీల్లేదు. సాయంత్రం బండి అందుకోవాలి, తెల్లారేసరికి ఆయన మగ్గం ఎక్కాలి.  అత్తగారు ఇడ్లీ పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బందరు వచ్చేదాకా విప్పలేదు.

బందరు బస్టాండులో మంగినపూడి బస్సు సిద్ధంగా ఉంది. సముద్రస్నానాల రోజు కావడంతో నిలబడే చోటు దొరకడమే గొప్ప. సరుగుడు తోటలు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. ఆ తర్వాత సముద్రం. అత్తగారు ఇసుకలో నిలబడిపోయి రెండు చేతులూ జోడించారు.  మామూలుగా నోరు ఊరుకోని నేను కూడా చేతులు జోడించాను.

స్నానాలయ్యాక పడవల దగ్గరికి వెళ్లాం. కాలవ సముద్రంలో కలిసేచోట అద్దం పడవ ఉంది. దాని యజమాని వీరాస్వామి, నల్లగా, పొడుగ్గా, మాట కలుపుగోలుగా ఉన్నాడు.

"ఇయ్యాల నా పడవెక్కకండి బాబూ" అన్నాడు మేం రాగానే. "అమావాస్య పోటు. అడుగు బురదంతా లేచిపోయింది. ఏమీ కనపడదు. అదుగో, ఆ తెరచాప పడవ మా బామ్మర్దిది. ఓడ దగ్గరికి తీసుకెళ్తాడు, దాన్లో పొండి."

నేను గుమాస్తాని. వచ్చిన బేరాన్ని తెలిసినవాడి కొట్టుకి తిప్పే కిటుకులు నాకూ కొన్ని తెలుసు. బావమరిదికి బేరం కుదురుస్తున్నాడని నేను రాజ్యం చెవిలో ఊదాను. మావగారు మాత్రం గెలిచినట్టు మీసం దువ్వారు. "విన్నావా? ఆయనే చెప్తున్నాడు. పద, ఓడ చూద్దాం. సముద్రాన్ని పైనుంచి చూస్తే చాలదా?"

అప్పుడు మా అత్తగారు నోరు తెరిచారు.

"పెళ్లయిన కాడ్నించి నీ పక్కన కూచుని నూలు కండెలు చుడుతున్నా. నేసేది చేతులే అనుకుంటారు చూసేవాళ్లు. గుంటలో కాళ్లు తొక్కకపోతే ఒక్క పోగు పడుద్దా? అసలు పనంతా కిందే గదా. అంత సముద్రం, పైపైన చూసి ఇంటికి పొమ్మంటావా?"

మావగారు ఓడ దగ్గరికి వెళ్లే తెరచాప పడవ వైపు చూశారు. దూరంగా, నీళ్లు ఆకాశం కలిసేచోట సన్నగా పొగ కనబడుతోంది. ఓడదే అయివుంటుంది. ఆయన దానివంక చాలాసేపు చూశారు. నాకు ఆయన మీద జాలి వేసింది. చివరికి పంచె పైకి మడిచి, అద్దం పడవలో కాలు పెట్టారు.

పడవ అడుగున కిటికీ రెక్కంత అద్దం, చుట్టూ తారు పూసిన చెక్క. వెలుతురు పడకుండా నెత్తిన గొంగళి కప్పుకుని బోర్లా పడుకుని చూడాలి. ముందు నేను చూశాను. పాలు తక్కువైన టీ కనబడింది. రాజ్యం చూసింది. దానికీ అదే టీ. వీరాస్వామి నిజమే చెప్పాడు, నేనే గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేదు.

తర్వాత అత్తగారు గొంగళి కిందికి వెళ్లారు. పడవ కాలవలో ఆ చివరికి వెళ్లి తిరిగింది. ఆవిడ తల ఎత్తలేదు.

"ఏమన్నా కనపడుతున్నయ్యా అమ్మా?" అని రాజ్యం అడిగింది.

"ఇంకా రాలేదు. వస్తయ్యి" అంది గొంగళి కిందినుంచి గొంతు.

 చీర నచ్చక ఖాళీ చేతులతో లేచిపోయేవాళ్లని రోజూ చూస్తాను. కాని ఇంత ఆశగా, ఏమీ లేనిచోట వెతుకుతున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు మావగారు ఆవిడ పక్కన బోర్లా పడుకుని, తన తల కూడా ఆ గొంగళి కింద పెట్టారు. ఇద్దరి తలలూ లోపల, నాలుగు పాదాలూ బయట. మగ్గం గుంటలో ఎప్పుడూ దాగి ఉండే మావగారి పాదాల్ని నేను అంతసేపు చూడటం అదే మొదటిసారి. గొంగళి కింద వాళ్లేవో గుసగుసలాడుకున్నారు. రాజ్యం కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఒడ్డుకి వచ్చాక వీరాస్వామి మా ఊరేదో అడిగి, డబ్బులు సగమే తీసుకున్నాడు. "మీ మంగళగిరోళ్లూ, ఈ పెడనోళ్లూ ఎప్పుడూ ఇంతేనండీ. సరిగ్గా నీళ్లు బాగోని రోజు చూసుకుని వస్తారు. అష్టమికి రండమ్మా, పోటు మెత్తగా ఉంటది, నీళ్లు తేరుకుంటయ్యి అంటే, మగ్గం ఆగదంటారు. మగ్గమోళ్లకి నా అద్దంలో ఒక్క పీతని చూపించలేకపోయాను ఇంతవరకూ."

 మావగారు ఆ మాట విని భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నారు.

పులిహోర సరుగుడు చెట్ల కింద తిన్నాం. బందరులో లడ్డూ కొన్నాం. కొనేముందు ఒకటి రుచి చూపిస్తారు, మొహమాటపడకండి. సాయంత్రం బండిలో కూర్చునే చోటు దొరికింది. పెడన దాటింది, గుడివాడ దాటింది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వెళ్లేటప్పుడు చూసినంత ఆత్రంగా కాదు. మావగారు వేళ్లమీద ఏదో లెక్క వేసుకుంటున్నారు.

ఉప్పులూరు దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు.

"అష్టమినాడు మగ్గం ఆపేస్తాను" అన్నారు.

రాజ్యం నోరు వెళ్లబెట్టింది. "అమావాస్య కాని రోజున? నువ్వా నాన్నా?"

"ఏం, చీర ఒక రోజు ఆలస్యమైతే కట్టుకునేవాళ్లు ఆగలేరా? ఓడలదేముంది, ఎన్నాళ్లయినా వస్తూ పోతుంటయ్యి. మీ అమ్మకి ఆ పీతలేవో చూపించాలి."

ఇదండీ మా బందరు ప్రయాణం. సముద్రం పైన ఉన్నది చూడలేదు, కింద ఉన్నదీ చూడలేదు. అయినా ఇంత సంతోషంగా నేను ఏ ఊరినుంచీ తిరిగి రాలేదు. మీరు వెళ్లేటట్టయితే అష్టమికే వెళ్లండి, పడవవాడు వద్దంటే వినండి.

నాకు అప్పటికే మా యజమాని మొహం కళ్లముందు కదులుతోంది. ఇంకో సెలవు ఏమని అడగను? అష్టమికి పెళ్లి బట్టలు కొనరని చెబితే నమ్ముతాడా? "చూద్దాం మావయ్యగారూ, ఎలాగోలా సెలవు సంపాదిస్తాను" అని నసిగాను.

మా అత్తగారు కిటికీ వదిలి ఇటు తిరిగారు. కూతురి వంక చూడలేదు. ఆరేళ్లలో మొదటిసారి నా మొహంలోకే చూస్తూ అన్నారు.

"మీరు రాకపోయినా ఫర్వాలేదు అల్లుడుగారూ. మేమిద్దరం వెళ్లొస్తాం."