బ్యాచిలర్ల బల్ల దగ్గర ఖైరున్ అక్క

నిన్న మధ్యాహ్నం క్లినిక్ నుంచి వచ్చి లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే, మా బిల్డింగ్ కింద కొత్తగా తెరిచిన హోటల్లోంచి చేప కాలుతున్న వాసన వచ్చింది. బొగ్గుల మీద చేప, దాని మీద చల్లిన ఎండు నిమ్మకాయ పొడి. ఎవరికైనా నోరూరే వాసనే. నాకు మాత్రం ముందు ఒళ్ళు మండుతుంది, ఆకలి ఆ తర్వాత. ఈ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. ఖైరున్ అక్క నాకు ఇచ్చి వెళ్ళింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. దుబాయ్‌లోని సత్వా పేటలో ఒక సందు లోపల, స్కూలు యూనిఫారాలు, నల్ల అబాయాలు కుట్టే దుకాణంలో మెడలో టేపు వేసుకుని నిలబడే మనిషి. పొట్టిగా ఉంటుంది. గొంతు మాత్రం సందు చివరిదాకా వినిపిస్తుంది.

కరోనా ముంచుకొచ్చిన ఏడాది మొదట్లోనే మేము సత్వాకి మారాం. ఒకే ఫ్లాటులో ఒక గదిలో నేను, మా ఆయన, మా చిన్నది. పక్క గదిలో ఖైరున్ అక్క. వంటగది ఇద్దరిదీ. ఆమెది నెల్లూరు, మాదీ నెల్లూరే. ఇక పరిచయాలకి ఎంతసేపు పడుతుంది? ఆమె భర్త మస్తాన్ బావ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. తెల్లవారకముందే బండి తీయాలి కాబట్టి వారమంతా అక్కడి పనివాళ్ళ క్యాంపులోనే పడుకునేవాడు. సెలవు రోజు సత్వాకి వచ్చి, పాత కారు తుడిచి, భార్యని ఎక్కించుకుని ఏదో ఒక సముద్రపు ఊరికి తీసుకుపోయేవాడు. మేము దిగిన రెండో వారమే ఆ కారులో మాకూ చోటు దొరికింది.

మొదటిసారి జజీరా అల్ హమ్రాకి వెళ్ళాం. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు ఒకప్పుడు బతికిన ఊరు. ఇప్పుడు పగడపు రాళ్ళ గోడలు, కప్పులేని ఇళ్ళు, వాటి మధ్య ఇసుక. నేను తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో పెట్టి, అప్పడాలు కూడా వేయించాను. మనవాళ్ళు ఎక్కడికి కదిలినా చేసే పనే కదా. అక్క ఆ సంచీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందిమే ఆ డబ్బాలు?"

"దారిలో తినడానికి అక్కా."

"ఊరు జూడను పోతా మన వంట మోసుకుపోతే, ఆ ఊరికి పోయినట్టా, మనింట్లోనే కూర్చున్నట్టా? లోపల పెట్టిరా పో."

డబ్బాలు లోపల పెట్టి వచ్చాను. ఆ ఊరి దగ్గర ఒక ముసలమ్మ పెనం మీద కాగితమంత పలచగా రొట్టె పోసి, గుడ్డు కొట్టి, మహ్యావా అనే నల్లటి చేపల ఊట పూసి ఇచ్చింది. మా ఆయన మొదటి ముక్కకి మొహం అదోలా పెట్టాడు. తర్వాత ఎన్ని తిన్నాడో చెబితే ఆయన నొచ్చుకుంటాడు. తిన్నాక ఒక పాత ఇంటి అరుగు దగ్గర నిలబడి, నా అలవాటు కొద్దీ, "ఇక్కడ కూర్చోవచ్చా?" అని దారిన పోయే ఒకాయన్ని అడగబోయాను. అక్క నా చెయ్యి పట్టి లాగి అరుగు మీద కూర్చోబెట్టింది.

"ముందు కూర్చో. కూర్చున్నాక ఎవురన్నా వచ్చి లెయ్యమంటే అప్పుడు అడుగుదువు. ఈ దేశం గుడ్డలన్నీ మన చేతులతోనే కుడతా ఉండాం, ఒక అరుగు మీద కూర్చునేదానికి కూడా అడగాల్నా?"

ఆ మాటకి మస్తాన్ బావ పకపకా నవ్వాడు. అదే ఆయనతో మా ఆఖరి షికారు అవుతుందని ఎవరనుకున్నారు?

కొద్ది రోజుల్లోనే అన్నీ మూసేశారు. క్యాంపు గేట్లు కూడా మూశారు. లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట. మస్తాన్ బావకి జ్వరం వచ్చిందని ఫోనులో తెలిసింది తప్ప అక్క ఆయన్ని చూడలేకపోయింది. ఆ గదిలో ఆయన పక్క మంచం లింగన్నది. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి ఏళ్ళ తరబడి కట్టడాల్లో ఇనుము వంచే పని చేసిన మనిషి. గదిలో మిగతావాళ్ళు భయపడి వేరే గదులకి జరిగిపోతే, లింగన్న ఒక్కడే ఉండిపోయాడు. గంజి కాచి పోశాడు. ఒళ్ళు తుడిచాడు. ఫోను బావ చెవి దగ్గర పట్టుకుని, అక్క మాట్లాడినంతసేపూ నిలబడ్డాడు. అంబులెన్స్ వచ్చినప్పుడు చెప్పులు తొడిగింది కూడా అతనే. బావ తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి లింగన్న అక్కకి అన్న. ఆమె ఏడుస్తూ ఫోనులో ఆ మాట అనడం వంటగదిలో ఉన్న నేను విన్నాను. తర్వాత అక్క డ్రైవింగ్ నేర్చుకుని బావ కారు తనే తీసింది.

కాలం గడిచింది. లింగన్నని కంపెనీ అబుదాబి దగ్గర మఫ్రఖ్ వైపు క్యాంపుకి మార్చింది. పండగలకి సత్వాకి వచ్చి అక్క చేతి అన్నం తిని పోయేవాడు. రెండేళ్ళ కిందట ఒక చలికాలం వచ్చి, "చెల్లే, నాది ఖలాస్. వచ్చే వారం ఊరికి పోతున్న" అన్నాడు. ఇంక నడుము వంగడం లేదట. అక్క అన్నం వడ్డిస్తూ, ఈ దేశంలో ఏమేం చూశావని అడిగింది. తను ఇనుము కట్టిన బిల్డింగుల గురించి చెప్పాడు. వాటిలో కొన్ని సముద్రం ఒడ్డునే ఉన్నాయి. పైనుంచి నీళ్ళు కనిపించేవట.

"ఎప్పుడన్నా ఒడ్డున కూర్చున్నావా?"

"లేదు చెల్లే."

ఆ ఆదివారమే అందరం తూర్పు తీరంలో ఉన్న ఖోర్ ఫక్కాన్‌కి బయల్దేరాం. అక్క పట్టు ఒక్కటే. లింగన్న వెళ్ళిపోయేలోపు ఇంటివాళ్ళతో కలిసి, సముద్రం ఎదురుగా కూర్చుని, ఒక్క పూట కడుపునిండా తినాలి. లింగన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కొండల్లో సొరంగాలు దాటుతుంటే నవ్వుతూ చెప్పుకొచ్చాడు.

"ఒకసారి సెలవుకు మా రూమోళ్ళమంత బీచుకు పోయినం. గేటుకాడ సెక్యూరిటోడు 'ఇయ్యాల ఫ్యామిలీ డే' అన్నడు. మల్లొకసారి పోయినం. మల్ల ఫ్యామిలీ డేనే. ఈ ఫ్యామిలీలు ఇంటికి పోరా ఏంది అనుకున్నం."

మేమందరం నవ్వాం. అక్క నవ్వలేదు.

చేపల మార్కెట్లో అక్క ఎర్రటి మొప్పలు తెరిచి చూసి పెద్ద చేప ఒకటి ఏరింది. దాన్ని ఒడ్డునే ఉన్న ఒక హోటల్లో కాల్చమని ఇచ్చాం. పైన డాబా మీద బల్లలు వేసి ఉన్నాయి. ఎదురుగా అంతా సముద్రమే. మెట్ల దగ్గర మేనేజర్ ఆపాడు. మనవాడే, హైదరాబాద్ మనిషి.

"మేడమ్, మీరంతా పైకి పోండి. ఈయన లోపల కూర్చుంటాడు. పైన ఫ్యామిలీస్ మాత్రమే. బ్యాచిలర్స్‌కి వెనక హాలుంది."

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఇక్కడ బ్యాచిలర్ అంటే పెళ్ళి కానివాడు కాదు. పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకునే స్తోమత లేనివాడు. లింగన్నకి అప్పటికి మనవడు కూడా పుట్టాడు. మనవడున్న బ్యాచిలర్లని ఈ దేశంలో తప్ప ఎక్కడా చూడలేదు నేను. మనిషిని తెచ్చుకుని ఇంటికి దూరంగా పెట్టేదీ వీళ్ళే, ఇల్లు లేనివాడని మెట్ల దగ్గర ఆపేదీ వీళ్ళే.

"ఈయన మా అన్న" అంది అక్క.

మేనేజర్ అక్క బురఖా వంక, లింగన్న నుదుటి బొట్టు వంక చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"ఏం గాదు చెల్లే, నేను లోపట కూసుంట. మీరు తినుండ్రి" అని లింగన్న అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఆయన "పోనీ, వేరే చోటికి పోదామా" అని గొణిగాడు. అక్క నా కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా వెనక హాల్లోకి నడిచి, నడిమధ్య బల్ల దగ్గర కూర్చుంది. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, ఇక్కడ లేడీస్ కూర్చోకూడదు."

"యాడ రాసుండాదో చూపీ."

"కస్టమర్లకి ఇబ్బంది అవుతుంది."

అక్క వెనక్కి తిరిగింది. హాలు నిండా నీలం పని దుస్తులు వేసుకున్న పనివాళ్ళు, చేతుల్లో ముద్దలు అలాగే ఆపి చూస్తున్నారు. "భాయ్, మేము కూర్చుంటే మీకేమన్నా కష్టమా?" అని హిందీలో అడిగింది. ఒకతను లేచి, తన కుర్చీని కండువాతో తుడిచి మా చిన్నదాని ముందు పెట్టాడు. మేనేజర్ వెనక్కి వెళ్ళిపోయాడు.

చేప వచ్చింది. మచ్బూస్ అన్నం వచ్చింది. లింగన్న ముళ్ళు తీసి మా చిన్నదానికి పెడుతూ తిన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొంతులు తగ్గించుకుని, మర్యాదగా తల దించుకుని తిన్నారు. మా ఎదురుగా మాత్రం సముద్రం లేదు. చేతులు కడుక్కునే కుళాయిలు, ఒక పాత ఫ్రీజర్ ఉన్నాయి.

కారెక్కాక మా ఆయన అక్కని మెచ్చుకున్నాడు. లింగన్న కూడా, "మంచిగనే అయింది చెల్లే. పిల్లల నడుమ కూసోని తిని ఎన్నేండ్లాయె" అన్నాడు. అక్క కారు తాళం తిప్పబోయి ఆగింది.

"మంచిగైందా? ఏం మంచి అన్నా? ఎనక రూములో కూర్చోబెడితే, ఎనక రూమే బాగుండాది అని మనమే చెప్పుకుంటా పోతే, ఇంగ ముందర కూర్చోమని పిలిచేదెవురు? నాకేం బాగలేదు. నేను గెలిచినానని ఎవురూ అనబాకండి."

ఇంటి దారి పట్టకుండా ఒడ్డు వెంబడే ఉత్తరానికి నడిపింది. పాత మట్టి మసీదు దాటాక, గేటూ కాపలా లేని చోట, రోడ్డు పక్కన రాళ్ళ ఒడ్డు కనిపిస్తే ఆపింది. లింగన్న చెప్పులు విప్పి ఒక రాయి మీద కూర్చున్నాడు. పొద్దు వెనక కొండల్లోకి దిగి, నీళ్ళ మీద నీడ పరుచుకుంటోంది. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత ఇంటికి వీడియో కాల్ కలిపి, ఫోను సముద్రం వైపు తిప్పాడు.

"ఇగో, సూడు."

"గిది సముద్రమా!" అని ఫోనులోంచి అతని భార్య గొంతు సంబరంగా వినిపించింది. ఆ వెంటనే, "గిన్నేండ్లు అక్కడనే ఉంటివి గదా, ఒక్కనాడన్న సూపెట్టకపోతివి. గిప్పుడా సూపెట్టేది?" అంది.

"టైం దొరకలేదే" అన్నాడు లింగన్న.

అక్క అతని వెనకే నిలబడి ఉంది. నోరు తెరిచింది. ఫోను లాక్కుంటుందనే అనుకున్నాను. మేనేజర్ని, కంపెనీ పెద్దని, అదే ముదీర్‌ని, ఎవరినీ వదిలిపెట్టని మనిషి. కానీ పెదవులు బిగించి, పక్కకి తిరిగిపోయింది. నాకు తెలిసినంతలో ఆమె మాట మింగింది ఆ ఒక్కసారే.

మఫ్రఖ్ క్యాంపు ముందు లింగన్నని దింపాక, కారు కదిలిన తర్వాత చెప్పింది. "నిజం చెప్పుంటే పెండ్లాం ముందర ఆయన పరువు పోయుండేది మే. ఇన్నాళ్ళూ కూర్చోనీకుండా చేసిందిగాక, ఆయన చేతే అబద్ధం కూడా చెప్పిచ్చినారే!" స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టింది. మా చిన్నది ఉలిక్కిపడి లేచింది.

లింగన్న ఊరికి వెళ్ళిపోయాడు. పోయిన ఏడాది ఖైరున్ అక్క కూడా ఖలాస్ చేసుకుని నెల్లూరు చేరింది. మేము ఇప్పటికీ సెలవులకి సముద్రపు ఊళ్ళకి పోతాం, డబ్బాలు లేకుండానే పోతాం. ఊళ్ళో చుట్టాలు ఫోను చేసి, మావాళ్ళ ఫలానా అబ్బాయి కూడా అక్కడే ఇన్నేళ్ళున్నాడు కదా, పాపం పనిలో పడి ఏమీ చూడలేదట, టైం దొరకలేదట అంటుంటారు. అప్పుడు నేను ఊరుకోను. ఆ అబ్బాయి ఎదురుగా లేడు కాబట్టి, అక్క ఆ రోజు చెప్పలేకపోయిన మాట నేనే చెబుతాను. టైం దొరక్క కాదు పిన్నీ. రానివ్వలేదు.