ఎల్లారెడ్డి బస్సులో నా చుట్టలు

నిజాం రోజులు. కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి కూర్చున్నాను. జేబులో నాలుగు చుట్టలున్నాయి. నా చేలో పండించిన పొగాకుతో నేనే చుట్టినవి. ఒకటి నోట్లో పెట్టుకోబోతుంటే పక్కనున్న ముసలాయన చెయ్యి చాపాడు.

"ఏదీ, ఇటియ్యి తమ్మీ."

తాగుతాడనుకుని ఇచ్చాను. ఆయన అంటించలేదు. చెవి దగ్గర పెట్టుకుని నలిపాడు. వాసన చూశాడు. చివరికి గోటితో చీల్చి ఆకంతా విప్పేశాడు.

"ఏంది పెద్దమనిషీ, గిట్ల జేస్తివి?"

"ఒక్కదానితోని ఏం తెలుస్తది? ఇంకోటి తియ్యి."

బస్సులో అందరూ నావైపే చూస్తుంటే ఇవ్వక తప్పలేదు. రెండోదీ విప్పాడు, మూడోదీ విప్పాడు. పొగాకు పొడి నా పంచె మీద రాలుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నాలుగోదాన్ని మాత్రం అంటించి రెండు దమ్ములు లాగాడు. నల్లటి బూడిద అప్పుడే రాలిపోయింది. దాన్ని నాకు చూపించి, మిగిలిన చుట్ట నా చేతిలో పెట్టాడు.

"మంచిగ ఆరితే బూడిద తెల్లగ నిలుస్తది. ఆకు మంచిదే. నీకే తొందరెక్కువ. నీడకు ఇంకో నెల ఆరనియ్యకపోతివి."

అనేసి దారిలో ఏదో ఊరి దగ్గర దిగిపోయాడు. పేరైనా చెప్పలేదు.

మరుసటి ఏడు ఆకును ఇంకో నెల నీడన వేలాడదీశాను. ఆయన మాట విని కాదు, ఆ మాట తప్పని తేల్చడానికి. ఆ ఆకుతో చుట్టి అంటిస్తే బూడిద తెల్లగా, వేలెడు పొడవున రాలకుండా నిలిచింది.

అప్పటినుంచి ఎల్లారెడ్డి బస్సెక్కినప్పుడల్లా ఒక చుట్టను అంటించకుండా జేబులో ఉంచుకుంటున్నాను. ఆ మనిషి కనబడితే, విప్పి చూసుకో అని ముఖాన కొడదామని.