సిల్లర సామాన్లు

దాలమ్మకు ఖాళీ మూల కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పాతపట్నంలో ఆమెది రెండు గదుల స్లాబు ఇల్లు. మొగుడు అప్పలసూరి నౌపడ ఉప్పుమళ్లలో పని చేస్తూ ఎప్పుడో వచ్చి పోతాడు. పిల్లల్లేరు. పొద్దస్తమానం జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది.

పాత సామాన్ల ధనరాజు పర్లాకిమిడి వైపు పడగొట్టే ఇళ్ల నుంచి ఏం తెచ్చినా ముందు దాలమ్మ తిరగెయ్యాల్సిందే. రాగిచెంబు కొని చింతపండుతో తోమి కిటికీలో పెట్టింది. మరకలు పడ్డ పాత నిలువుటద్దం తలుపు వెనక తగిలించింది. చెక్కబొమ్మకు ఊడిపోయిన చెయ్యిని మిషను మీది ఎర్రదారంతో కట్టి మెట్ల కింద గూట్లో నిలబెట్టింది. కొత్త చీర కట్టుకోవడానికి సిగ్గుపడే మనిషి, ఆ గూటి ముందు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని మహారాణిలా నిలబడేది.

ఒకరోజు పక్కింటి తాతమ్మ జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఏటే దాలమ్మా ఇయ్యన్నీ?"

"సిల్లర సామాన్లత్తా. నాకు సరదా."

తాతమ్మకు ఒక చెవి వినపడదు. రెండోది తనకు తోచినట్టు వింటుంది. 'సిల్లర' ఆ చెవిలో పడేసరికి 'సిల్లంగి' అయి కూర్చుంది. ముసలావిడ ఎర్రదారం చుట్టిన బొమ్మను చూసింది, గుడ్డ అక్కడే వదిలేసి చరచరా వెళ్లిపోయింది. ఏదో పని గుర్తొచ్చిందేమోనని దాలమ్మ నవ్వుకుంది.

ఆ వారంలోనే తాతమ్మ మనవరాలు యమునకు జ్వరం పట్టుకుంది.

చిల్లంగి అంటే చేతబడి. ఆ పేరు ఒక ఆడమనిషి మీద పడితే ఏమవుతుందో దాలమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు తమ ఊళ్లో పెద్దమ్మ వరసావిడకు ఆ పేరే కట్టి, మంత్రం నోట పలక్కుండా రాయితో పళ్లు రాలగొట్టారు. రాలగొట్టినవాళ్లంతా అంతకుముందు ఆమె చేతి అన్నం తిన్నవాళ్లే. అలాంటివాళ్లకు మనుషులని పేరెందుకో దాలమ్మకిప్పటికీ తెలియదు.

కుళాయి దగ్గర దాలమ్మ బిందె పెట్టగానే పక్క బిందెలు జరిగాయి. వెనక ఎవరో ఆ మాట గుసగుసలాడారు. దాలమ్మ నాలుక తనకు తెలియకుండానే పళ్లను తడుముకుంది. బిందె నిండకుండానే ఎత్తుకుని ఇంటికొచ్చి గడియ వేసుకుంది. కాసేపటికి ఆ గడియ చూస్తేనే భయమేసింది. తలుపేసుకుని లోపల ఏదో చేస్తోందంటారు. మళ్లీ తీసేసింది.

ఆ రోజు తన మాట తాతమ్మ చెవిలో ఏమై పడిందో అప్పుడు తట్టింది. ఉండబట్టలేక ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లింది. ముసలావిడకు వినపడాలని గట్టిగా అరిచింది.

"సిల్లర అన్నానత్తా! సిల్లర!"

కోడలు భారతి పరుగెత్తుకొచ్చింది. "మా గుమ్మంకాడ ఆ మాటనకక్కా, నీకు దండం పెడతాను. డాక్టరు టైపాయిడ్డన్నాడు, మందులేస్తన్నాం. నువ్వెళ్లిపో."

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. దాలమ్మ ఎంత గట్టిగా చెబితే అంత శాపంలా వినపడింది వాళ్లకి. ఇంటికొచ్చి అప్పలసూరికి ఫోను చేసింది.

"మావా, నన్ను సంపేస్తారు. భయమేస్తన్నాది, వొచ్చెయ్."

"ఒసే, ముందు ఆ సామానంతా తీసి పారెయ్. ఇంట్లో ఏటీ లేకపోతే ఎవులేటంతారు? నేను సాయంత్రం బండికి వస్తాను."

సాయంత్రం దాకా ఆగే ధైర్యం లేదు. ధనరాజును పిలిపించి, అందరూ చూడాలని పట్టపగలే బండికెత్తించింది. చెంబు, అద్దం, బొమ్మ ఒక్కొక్కటే గుమ్మం దాటాయి.

"ముచ్చటపడి కొనుక్కున్నావు గదమ్మా," అన్నాడు ధనరాజు.

"పట్టుకుపో బాబూ," అంది. బొమ్మను అందిస్తుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే దానికేం అర్థం తీస్తారోనని అదీ మింగింది.

బోసిపోయిన ఇంట్లో కూర్చుంటే గుండె కాస్త కుదుటపడింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. గోడలు తప్ప ఏమీ లేవు.

అప్పలసూరి ఇంకా రాలేదు. పొద్దువాలుతుండగా వీధిలో చాలా అడుగుల చప్పుడైంది. దాలమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అందరికంటే ముందు తాతమ్మ ఉంది. కర్రా లేదు, రాయీ లేదు. చేతులు రెండూ జోడించింది.

"నువ్వు ఆ సామాను తీసీసినావు, మా పిల్లకి సెమట పట్టి జొరం దిగిపోనాది. నీ కాళ్లు మొక్కుతానే దాలమ్మా, మరింక మా మీద పెట్టకు."

వెనకున్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. మందుల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అంతవరకూ అది తాతమ్మ చెవిలో ఉన్న అనుమానమే. పట్టపగలు బండికెత్తించి దానికి సాక్ష్యం చెప్పింది తనే. దాలమ్మ నోరు తెరిచింది. ఏ మాట అంటే ఏమని వింటారో తెలియక మళ్లీ మూసుకుంది.

గుంపులో ఎవరి చంకలోనో చంటిపిల్ల దగ్గింది. అందరూ దాలమ్మ వైపు చూశారు.