బూయాకి నచ్చని చోట్లు

మా వీధి చివర వంతెన ఉంది. కింద పెద్ద పడవ వచ్చిందంటే రోడ్డు రెండుగా విడిపోయి పైకి లేస్తుంది. దాన్ని లేపే మీటల ముందు, అద్దాల గదిలో, రోలండ్ జాడెన్ ఉద్యోగకాలమంతా గడిపాడు. తెరచాప పడవలూ చేపల పడవలూ ఖనిజం మోసే ఓడలూ అన్నీ అతను దారిస్తేనే మిషిగన్ సరస్సులోకి వెళ్ళేవి. అతను మాత్రం సెలవుల్లో కూడా జిల్లా దాటిన మనిషి కాడు. భార్య కార్లీన్ బడి వంటశాలలో పనిచేసేది. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం అరుదు.

ఉద్యోగం నుంచి రిటైరైన వసంతంలోనే అతను ఒక పాత క్యాంపర్ బండి కొని ఇంటి ముందు నిలబెట్టాడు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే. మే నెలాఖరుకి భార్యాభర్తలూ, వాళ్ళ కుక్క బూయా బయలుదేరారు. మా చర్చి విందుల్లో గంగాళాలకొద్దీ ఉడికే కోడిపులుసు పేరే దానికి పెట్టారు. వేలాడే చెవులు, చొంగ కారే మూతి, దూడంత ఒళ్ళు. ఇంటి మొక్కలకి నీళ్ళు పోసే పని నాకు అప్పగించారు కాబట్టి ఆ వేసవి కబుర్లన్నీ కార్లీన్ ఫోన్‌లో నాకే చెప్పుకునేది.

ఇలాంటి బండ్లు ఆగి రాత్రులు గడిపే క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోవడంలో రోలండ్‌ది పెళ్ళిసంబంధం చూసేవాడి పట్టుదల. కుక్కల్ని రానిస్తామని రాసుంటే అతనికి చాలదు. ఫోన్ చేసి కంచె ఎంత ఎత్తో, మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో, కుక్కని నీళ్ళలో దిగనిస్తారో లేదో, నేలమీద గడ్డా కంకరా, పక్క బండి ఎంత దూరంలో ఆగుతుందో అన్నీ అడిగేవాడు. ఆఫీసుల్లో ఆడవాళ్ళు అతని గొంతు గుర్తుపట్టే దాకా వచ్చింది. నిజానికి అతని ప్రశ్నల్లో తప్పేమీ లేదు. ఎండకి కాలిన కంకర మీద కుక్కల పాదాలు బొబ్బలెక్కుతాయి. తప్పల్లా అక్కడికి చేరాక మొదలయ్యేది. బండి నిలిపి, నీటిగొట్టం తగిలించి, కరెంటు తీగ కలిపి, కుర్చీ వేసుకున్న కాసేపటికే అతని కాళ్ళు కుదురుగా ఉండేవి కావు. లేచి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

"బూయాకి ఇక్కడ నచ్చలేదు" అనేవాడు.

బూయా బల్ల కింద గురకపెట్టి నిద్రపోతూ ఉండేది.

మర్నాడే మళ్ళీ గొట్టం చుట్టడం, తీగ పీకడం. కార్లీన్ ఎక్కడికి వెళ్ళినా మనుషుల్ని పోగేసుకునే స్వభావం గలది. బట్టలుతికే గదిలో ఒకావిడ పరిచయమై సాయంత్రం పేకాటకి రమ్మంటే, చెప్పకుండానే ఆ ఊరు వదిలి రావాల్సి వచ్చింది. ఆవిడ ఎదురు చూసి ఏమనుకుందో అని నా దగ్గర రెండుసార్లు బాధపడింది.

ఆగస్టులో వాళ్ళ కూతురు టెస్‌కి వారం సెలవు దొరికింది. మిల్వాకీలో ఆస్పత్రి నర్సు. భర్తనీ ఇద్దరు పిల్లల్నీ వాళ్ళ బుల్లి కుక్కనీ వెంటబెట్టుకుని, గుడారం వేసుకుని తల్లిదండ్రుల పక్కనే ఉండాలని ఆమె కోరిక. చోటు నేను చూస్తానన్నాడు రోలండ్. ఒకటి మాట్లాడి, రోడ్డు దగ్గరని మానేశాడు. రెండోది పిల్లలు సైకిలు తొక్కడానికి మరీ ఏటవాలని వదిలేశాడు. మూడోది సరస్సు ఒడ్డున కుదిరింది. వీళ్ళు ముందురోజే చేరారు. పొద్దున్నే రోలండ్ ఒడ్డుకి వెళ్ళాడు. కుక్కలు ఇసుకకి ఈ చివర మాత్రమే దిగాలని అక్కడొక బోర్డు ఉంది. వెంటనే కూతురికి ఫోన్ చేసి, ఇంకా ఉత్తరంగా వెళ్తున్నాం, మీరూ అటే వచ్చెయ్యండి అన్నాడు.

టెస్ అప్పటికి సగం దారిలో ఉంది.

"నాన్నా, వెనక చిన్నది కక్కుకుంటోంది. నువ్వు మొదట ఎక్కడ చెప్పావో అక్కడికే వస్తున్నాను. ఉంటే ఉండు, లేకపోతే లేదు" అని ఫోన్ పెట్టేసింది.

రోలండ్ గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు. కార్లీన్ మడతకుర్చీ ఒకటి దించుకుంది. బూయా గొలుసు పట్టుకుని వెళ్ళి, పైన్ చెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చుంది. కుక్క ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడింది.

"ఎక్కు, పోదాం" అన్నాడు రోలండ్.

"నువ్వెళ్ళి చూసి రా. బూయా ఇక్కడే ఉంటానంటోంది."

అతనికి మొహం ఎర్రబడింది. బండెక్కాడు, నిజంగానే వెళ్ళిపోయాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అలాంటిది జరగడం అదే మొదలు.

ఉత్తరాన దొరికిన చోటులో వంక పెట్టడానికి ఏమీ లేదు. చెట్లనీడ, మెత్తటి గడ్డి, ఎత్తైన కంచె, కుక్కలు స్వేచ్ఛగా దిగే వాగు. ఆఫీసులో ఉన్నావిడ కిటికీలోంచి బండికేసి చూసి, కుక్క ఏదండీ అని అడిగింది. వెనకాల వస్తోంది అన్నాడు. బండి నిలిపి అన్నీ తగిలించాడు. కూర్చున్నాడు. లేచాడు. కంచె దాకా వెళ్ళి ఎవరివో కుక్కలు పరిగెత్తుతుంటే చూశాడు. తిరిగొచ్చి కాఫీ పెట్టుకుందామని అలమార తెరిస్తే కార్లీన్ రక్తపోటు మాత్రలూ, బూయా తిండి సంచీ కనిపించాయి. అసలు తను ఏం చేశాడో అప్పుడు తెలిసొచ్చినట్టుంది. ఇప్పుడే కలిపిన తీగ మళ్ళీ పీకాడు.

తిరిగి వచ్చేసరికి అతను ఖాళీ చేసిన చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఒక్కటే మిగిలింది, బండ్ల మురుగు వంపే గుంట పక్కన. అదే తీసుకున్నాడు. ఒడ్డున కార్లీన్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. అప్పటికే చేరిన టెస్ పిల్లలు బూయాని మెడదాకా ఇసుకలో పూడుస్తున్నారు. రోలండ్ మాత్రలు కార్లీన్ చేతికిచ్చి, అక్కడ చోటు చాలా బాగుంది అన్నాడు. బాగానే ఉండి ఉంటుంది అంది ఆమె, నిష్ఠూరం లేకుండా.

మర్నాడు తండ్రీకూతుళ్ళు గిన్నెలు కడుగుతూ మాట్లాడుకున్నారు. వంతెన మీది ఆ అద్దాల గదిలో కూర్చుని ఒక్కో పడవని చూస్తూ, వీడు నాకంటే మంచి చోటికి పోతున్నాడు అనుకునేవాణ్ణి అన్నాడు రోలండ్. ఇప్పుడు ఎక్కడ దిగినా, ఆ మంచి చోటు ఇది కాదేమో అనిపిస్తుందట.

టెస్ గిన్నె తుడుస్తూ అంది. "నాన్నా, వాటిలో సగం పడవలు అలా ఓ చుట్టు తిరిగి సాయంత్రానికి వెనక్కి వచ్చేసేవి. వాటికి మళ్ళీ వంతెన లేపింది నువ్వే కదా."

అతను నవ్వాడు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదట.

వారమంతా అక్కడే ఉన్నారు. రోలండ్ మారిపోయాడని చెప్పను. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మురుగు కంపు కొట్టేది. అతను పొద్దునా సాయంత్రం క్యాంపంతా చుట్టేవాడు, కొత్తగా వచ్చిన బండ్లని ఎక్కడ నిలిపితే నీడ ఉంటుందో చెప్పేవాడు. రాత్రి నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లేవాడు. అయినా తీగ మాత్రం పీకలేదు.

మరుసటేడు బయలుదేరే ముందు కార్లీన్ ఒక షరతు పెట్టింది. ఏ క్యాంప్‌గ్రౌండో తను చెబుతుంది, దాని లోపల ఎక్కడ ఆగాలో అతని ఇష్టం. ఆమె ఒడ్డునున్న ఆ పాత చోటునే చెప్పింది. జూన్ అంతా అక్కడే. అతను ఆ నెలలో మూడుసార్లు బండి జరిపాడు, నీడ చాలదని ఒకసారి, పక్కవాళ్ళ టెర్రియర్ కుక్కలు అరుస్తున్నాయని ఇంకోసారి. మూడోసారికి కారణమేమిటో కార్లీన్ అడగలేదు. ఎటు జరిపినా, అక్కడ ఆమె పోగేసుకున్న ఆడవాళ్ళ పేకాట బల్ల నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.